పచ్చటి అడవి కింద పేద నేల

దూలగొండి పేరు వింటేనే మనకు ఒళ్లు దురద పెడుతుంది. చిన్నప్పుడు కంచెల వెంట తిరిగిన వాళ్లకు ఆ కాయల మీది నూగు సంగతి వేరే చెప్పక్కర్లేదు. మధ్య అమెరికాలోని హోండురాస్ ఉత్తర తీరంలో, కొండవాలు పొలాల్లో, ఇదే తీగలో దురద లేని సాగు రకానికి రైతులు పెట్టుకున్న పేరు 'ఫ్రిహోల్ అబోనో'. అంటే ఎరువు చిక్కుడు. 1970ల నుంచి 1990ల మొదటి దాకా ఈ తీగ అక్కడ ఊరూరా పాకింది. పెద్ద ప్రభుత్వ పథకమేదీ దాన్ని పంచలేదు. పక్క పొలంలో చూసి, గుప్పెడు గింజలు అడిగి తెచ్చుకున్నవాళ్లే ఎక్కువ.

వాళ్లు చేసే పని చూడటానికి చాలా తేలిక. డిసెంబరు నాటికి పొలమంతా తీగ దట్టంగా అల్లుకుని ఉంటుంది. రైతు పొడవాటి కత్తితో దాన్ని నరికి ఎక్కడిదక్కడే పడేస్తాడు. దుక్కి దున్నడు, నిప్పు పెట్టడు. ఆ రొట్ట పరుపులోంచి మొనదేలిన కర్రతో గుంత పొడిచి, రెండు మూడు మొక్కజొన్న గింజలు వేసి, కాలితో మట్టి నొక్కి ముందుకు కదులుతాడు. రొట్ట కుళ్లుతూ ఉంటే మొక్కజొన్న ఎదుగుతుంది. రాలిన చిక్కుడు గింజలు వాటంతట అవే మళ్లీ మొలిచి, మొక్కజొన్న కాళ్ల దగ్గర పాకి, కోత అయ్యాక పొలాన్ని మళ్లీ కప్పేస్తాయి. హెక్టారుకు పది టన్నులకు పైగా ఎండు రొట్ట నేల మీద పడుతుంది. తీగ లేని పొలంతో పోలిస్తే దిగుబడి రెట్టింపుకు దగ్గరగా ఉండేది. పైగా ఈ పంట బజారులో మొక్కజొన్న తక్కువగా ఉన్న రోజుల్లో చేతికొస్తుంది కాబట్టి ధర కూడా బాగుండేది.

ఏడాదిలో చాలా నెలలు వాన పడే చోట, ఎటు చూసినా పచ్చగా ఉండే చోట, నేలకు సారం కోసం ఇంత తంటాలు ఎందుకు? అమెరికా ఖండపు ఉష్ణమండలంలో వ్యవసాయం గురించి జరిగే వాదనలన్నీ ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి. పోడు మంచిదా చెడ్డదా, అమెజాన్‌లో పంటలు పండించొచ్చా, కాఫీకి నీడ ఉండాలా వద్దా అనే ప్రశ్నలకు జవాబు కావాలంటే ముందు ఆ మట్టిని చూడాలి.

అమెజాన్ అడవిలో నేల మీది ఆకుల దుప్పటిని చేత్తో పక్కకు తీస్తే, దాని కింద సన్నటి వేళ్లు చాపలా అల్లుకుని కనిపిస్తాయి. ఆ వేళ్ల మధ్య తెల్లటి బూజు దారాలు. కుళ్లుతున్న ఆకును ఆ దారాలు పట్టుకుని, అందులోని భాస్వరం, పొటాష్ మట్టిలోకి దిగకముందే వేరుకు అందిస్తాయి. ఆ చాప కింద ఎర్రటిదో పసుపుదో బంకమట్టి. దానిలో పెద్దగా ఏమీ లేదు. లక్షల ఏళ్లుగా కురిసిన వాన కాల్షియం, మెగ్నీషియం, పొటాష్‌ను కడిగి పట్టుకుపోయింది. మిగిలింది ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్లు. ఉన్న కాస్త భాస్వరాన్నీ ఇవి వదలకుండా పట్టేసుకుంటాయి. మట్టి ఆమ్ల గుణం వల్ల కరిగే అల్యూమినియం లేత వేళ్లను ఎదగనివ్వదు. అగ్నిపర్వతాల బూడిద మీద ఏర్పడిన గ్వాటెమాలా ఎత్తుప్రాంతాలు, ఏటా వరద ఒండ్రు వేసే నదీ తీరాలు దీనికి మినహాయింపు. మిగతా చాలా చోట్ల అడవి సంపద అంతా చెట్టులోనే ఉంది. మాను, కొమ్మ, ఆకు, వేరు, బూజు, పురుగు. చెట్టు రాల్చిన ఆకును చెట్టే తిరిగి తింటుంది.

ఈ చక్రంలో ఎంత తక్కువ మిగులు ఉందో చెప్పే లెక్క ఒకటి ఉంది. ఉపగ్రహ సమాచారంతో నాసా శాస్త్రవేత్తలు 2015లో ప్రకటించినదాని ప్రకారం, సహారా ఎడారి నుంచి గాలికి లేచి, అట్లాంటిక్ దాటి అమెజాన్ మీద పడే దుమ్ముతో ఏటా సుమారు 22,000 టన్నుల భాస్వరం వస్తుంది. వానకీ వరదకీ ఆ అడవి ఏటా పోగొట్టుకునే భాస్వరం కూడా దాదాపు అంతే. ప్రపంచంలోనే పెద్ద వర్షారణ్యం ఎడారి దుమ్ముతో లెక్క సరిచూసుకుంటోంది.

ఇంతకూ మూలం ఎక్కడుందంటే, అక్కడ చలికాలం లేదు. ఐరోపాలోనో, ఉత్తర అమెరికాలోనో మంచు కురిసే నెలల్లో కుళ్లడం ఆగుతుంది, పురుగు చస్తుంది, శిలీంధ్రం పడుకుంటుంది. మట్టిలో ఆకూ అలమూ కుళ్లగా మిగిలిన నల్లటి సారం, అంటే హ్యూమస్, పేరుకుంటుంది. ఉష్ణమండలంలో ఆ సెలవు లేదు. రాలిన ఆకు నెలల్లో కరిగిపోతుంది, తెగులుకు ఏడాది పొడవునా తిండి దొరుకుతుంది. చల్లటి దేశాల్లో వాతావరణం ఉచితంగా ఇచ్చే విశ్రాంతిని ఇక్కడ రైతు తానే తయారు చేసుకోవాలి.

పోడు ఆ విశ్రాంతిని తయారు చేసే అతి పాత పద్ధతి. అడవిని నరికి, ఎండబెట్టి, నిప్పు పెడితే చెట్టులో దాగిన కాల్షియం, పొటాష్, భాస్వరం బూడిదై నేల మీదికి వస్తాయి. బూడిద ఆమ్ల గుణాన్ని తగ్గిస్తుంది, అల్యూమినియం అణుగుతుంది. నత్రజని, గంధకం మాత్రం చాలావరకు పొగలో పోతాయి. రెండు మూడు పంటలు బాగా పండుతాయి. తర్వాత కలుపు పెరుగుతుంది, దిగుబడి పడిపోతుంది, రైతు ఇంకో చోటికి వెళ్తాడు. వదిలేసిన చోట అడవి తిరిగి లేస్తుంది. పది, పదిహేను, ఇరవై ఏళ్ల తర్వాత మళ్లీ అక్కడికే వస్తాడు. తూర్పు కనుమల్లో కొండరెడ్లు, సవరలు, కోయలు తరాలుగా చేసిందీ ఇదే పద్ధతి.

మెక్సికో, గ్వాటెమాలాల్లో దీని పేరు మిల్పా. ఆ మాట నహువా భాష నుంచి వచ్చింది. మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి ఒకే చోట వేస్తారు. చిక్కుడు మొక్కజొన్న కాండాన్ని పట్టుకుని పైకి పాకి, వేళ్లలోని బ్యాక్టీరియా సాయంతో నత్రజని కూడబెడుతుంది. గుమ్మడి ఆకులు నేలను కప్పి కలుపును అణిచి, తేమను పట్టి ఉంచుతాయి. మధ్యలో మొలిచే ఆకుకూరలను కలుపని పీకేయరు, వండుకుంటారు. నాకు అన్నిటికన్నా నచ్చేది మెక్సికోలోని చియాపాస్ రాష్ట్రపు లకాండోన్ మాయా రైతుల పద్ధతి. పొలాన్ని పడావు పెట్టేటప్పుడు వాళ్లు దాన్ని ఊరికే వదిలేయరు. బాల్సా చెట్లను కావాలని పెంచుతారు. బాల్సా చకచకా పెరిగి, పెద్ద పెద్ద ఆకులు రాల్చి, కలుపును నీడతో చంపి, నేలను తొందరగా కోలుకునేలా చేస్తుంది. బయటివాడికి బీడులా కనిపించే ఆ చోటు వాళ్ల లెక్కలో సాగులో ఉన్న పొలమే.

అందుకే 'పోడు అడవిని నాశనం చేస్తుంది' అనే మాటను ఉన్నదున్నట్టు ఒప్పుకోలేను. చేటు చేసేది నిప్పు కన్నా ఎక్కువగా తొందర. ఇరవై ఏళ్ల పడావు ఐదేళ్లకు, ఐదేళ్లది రెండేళ్లకు కుదించుకుపోతే అడవి తిరిగి లేవదు, గడ్డి మాత్రమే లేస్తుంది. గడ్డిని కాలిస్తే వచ్చే బూడిద ఎంత? ఆ తొందర ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెప్పుకోవాలి. హోండురాస్‌లో చదునైన మంచి లోయలు అరటి కంపెనీలకూ, పశువుల మేత బీళ్లకూ పోయాయి. బీద రైతులు వాలు మీదికి నెట్టబడ్డారు. ఉన్న రెండెకరాల్లో ఇరవై ఏళ్ల పడావు ఎవరు పెట్టగలరు? అమెజాన్‌లో అడవి పోవడానికి అతి పెద్ద కారణం కూడా పశువుల బీళ్లే. నరికిన చోట గడ్డి వేసేసి, ఇక అడవిని తిరిగి రానివ్వరు.

ఎరువు చిక్కుడు విలువ ఇక్కడ తెలుస్తుంది. ఏళ్ల తరబడి పడావు చేయాల్సిన పనిలో కొంత భాగాన్ని అది కొన్ని నెలల్లో చేస్తుంది. ఆ తీగ అక్కడిది కూడా కాదు. ఆసియా నుంచి 19వ శతాబ్దంలో అమెరికా సంయుక్త రాష్ట్రాల దక్షిణ భాగానికి చేరింది. అక్కడి నుంచి మధ్య అమెరికా అరటి తోటలకు కంచర గాడిదల మేతగా వచ్చింది. తోటల్లోంచి గ్వాటెమాలా మాయా రైతుల చేతికి, వాళ్ల నుంచి హోండురాస్‌కు. మన జీలుగ, జనుము, పిల్లిపెసర చేసే పనే ఇది. ఒక్క చిక్కు ఉంది. గింజలో ఎల్-డోపా అనే పదార్థం ఎక్కువ, మామూలు చిక్కుడులా వండుకు తినడం కుదరదు. కడుపుకు పనికిరాని పంటకు పొలంలో అన్ని నెలలు చోటివ్వడం బీదవాడికి చిన్న నిర్ణయం కాదు.

హోండురాస్‌లోనే నైరుతి దిక్కున, లెంపీరా జిల్లాలో వాన ఉత్తర తీరమంత లేదు, ఎండాకాలం పొడుగు. అక్కడ ఇంకో దారి దొరికింది. కెసుంగ్వాల్ అనే ఊరి పేరే ఆ పద్ధతికి వచ్చింది. 1990ల మొదట్లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ నిపుణులు అక్కడికి వెళ్లినప్పుడు, కొందరు రైతులు అప్పటికే చేస్తున్న పనిని గమనించి, దాన్నే మెరుగుపరిచారు. అడవిని తగలబెట్టకుండా, చెట్లను మొదలంటా నరకకుండా, నడుము ఎత్తులోనో తల ఎత్తులోనో కొమ్మలు కొట్టేస్తారు. ఆకూ కొమ్మా నేల మీద పరిచి దాని మధ్య మొక్కజొన్న, చిక్కుడు, జొన్న వేస్తారు. మోడు మళ్లీ చిగురిస్తుంది. మళ్లీ కొడతారు. కలపకూ పండ్లకూ పనికొచ్చే చెట్లను పూర్తిగా వదిలేస్తారు. ఒక్కడు నిప్పు పెట్టినా గాలికి పక్కవాడి రొట్ట కూడా అంటుకుంటుంది కాబట్టి, ఊళ్లు కూర్చుని నిప్పు పెట్టకూడదని కట్టుబాటు చేసుకున్నాయి. సాంకేతిక పద్ధతిగా రాసే కాగితాల్లో ఈ కట్టుబాటు ఒక వాక్యంలో ముగుస్తుంది. నా ఉద్దేశంలో పద్ధతి నిలబడింది దాని మీదే. ఆరు వేలకు పైగా రైతులు ఈ దారిలోకి వచ్చారు. 1997 ఎల్ నినో కరువునూ, మరుసటి ఏడాది వచ్చిన మిచ్ హరికేన్‌నూ ఆ పొలాలు మిగతా వాటికన్నా బాగా తట్టుకున్నాయి.

మిచ్ 1998 అక్టోబరు చివర్లో హోండురాస్, నికరాగువాలను ముంచింది. పది వేల మందికి పైగా చనిపోయారు. కొండలు కొండలుగా మట్టి జారిపోయింది. ఆ తర్వాత హోండురాస్, నికరాగువా, గ్వాటెమాలాల్లోని రైతులు, వాళ్ల సంఘాలు కలిసి ఒక పెద్ద పరిశీలన చేశాయి. ఒకే వాలు మీద పక్కపక్కనే ఉన్న రెండేసి పొలాలను, ఒకటి మామూలు పద్ధతిది, ఒకటి కాంటూరు గట్లు (వాలుకు అడ్డంగా వేసిన గట్లు), పచ్చిరొట్ట, చెట్లు ఉన్నది, జతగా తీసుకుని కొలిచారు. మొత్తం 1,804 మడులు. మట్టి తవ్వి, లోతు కొలిచి, తేమ చూసింది చాలావరకు రైతులే. రొట్టా చెట్లూ ఉన్న పొలాల్లో పైమట్టి 20 నుంచి 40 శాతం ఎక్కువ మిగిలింది. తేమ ఎక్కువ, కోత తక్కువ. అయితే వాన మరీ విరుచుకుపడిన చోట్ల ఈ తేడా తగ్గిపోయింది. ఎగువన నరికేసిన కొండ మొత్తంగా జారి కిందపడితే, దిగువ రైతు ఎంత శ్రద్ధగా చేసినా ఏం లాభం? పొలం ఒక్కటే బాగుంటే సరిపోదు, కొండ మొత్తం బాగుండాలి.

ఇదంతా మట్టి సంగతి. చలికాలం లేకపోవడంలో రెండో సగం తెగుళ్లు. అమెరికా కార్ల తయారీదారు హెన్రీ ఫోర్డ్ 1928లో బ్రెజిల్‌లోని తపజోస్ నది ఒడ్డున రబ్బరు కోసం ఫోర్డ్‌లాండియా అనే పట్టణమే కట్టించాడు. రబ్బరు చెట్టు పుట్టిల్లు అమెజానే కాబట్టి అక్కడ బాగా పండుతుందనుకున్నారు. అడవిలో ఆ చెట్లు ఒకదానికొకటి చాలా దూరంగా ఉంటాయి. తోటలో ఆకుకు ఆకు తగిలేలా వేశారు. పుట్టింట్లోనే ఉన్న ఆకుమచ్చ శిలీంధ్రం చెట్టు నుంచి చెట్టుకు దూకి తోటను తినేసింది. 1934లో బెల్టెర్రాలో మళ్లీ మొదలుపెట్టారు, అక్కడా అదే కథ. 1945లో ఆ భూమిని బ్రెజిల్ ప్రభుత్వానికే అమ్మేసి వెళ్లిపోయారు. అదే చెట్టు మలయాలో బంగారం పండించింది, ఎందుకంటే ఆ శిలీంధ్రం సముద్రం దాటలేదు. ఉష్ణమండలపు అడవిలో ఒకే జాతి చెట్లు ఎందుకు దూరదూరంగా ఉంటాయో 1970, 71లలో జాన్‌జెన్, కానెల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు విడివిడిగా ఇదే రకంగా వివరించారు. తల్లి చెట్టు కిందే దాని శత్రువులు కాచుకుని ఉంటాయి, దూరంగా పడిన గింజే బతుకుతుంది.

కాఫీ నీడ వాదన కూడా ఇక్కడికే వస్తుంది. ఆకుతుప్పు తెగులు 1970లో బ్రెజిల్‌కు చేరినప్పుడు, అది ఉత్తరానికి పాకుతుందనే భయంతో మధ్య అమెరికాలో చాలా తోటల్లో నీడ చెట్లు కొట్టేశారు. పొట్టి రకాలు దగ్గర దగ్గరగా నాటి, ఎరువులూ మందులూ పోశారు. నీడలో తేమ ఎక్కువ, తేమలో శిలీంధ్రం పెరుగుతుందన్నది వాళ్ల లెక్క. ఆ లెక్క పూర్తిగా తప్పూ కాదు. కానీ చియాపాస్‌లోని ఒక సేంద్రియ కాఫీ తోటలో ఐవెట్ పెర్ఫెక్టో, జాన్ వాండర్‌మీర్ అనే శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి చూసిన సంగతి వేరు. నీడ చెట్ల మీద అజ్టెకా చీమలు గూళ్లు కడతాయి. ఆ చీమలు కాఫీ కొమ్మల మీది పచ్చ పొలుసు పురుగులను, అవి విసర్జించే తీపి కోసం, కాపలా కాస్తాయి. చూడగానే ఈ చీమలు శత్రువులే అనిపిస్తుంది. పొలుసు పురుగులు గుంపుగా పెరిగిన చోట వాటికి ఒక తెల్లటి శిలీంధ్రం పడుతుంది. ఆ శిలీంధ్రమే ఆకుతుప్పు మీద కూడా దాడి చేస్తుంది. చీమ ఉంటే పురుగు, పురుగు ఉంటే తెల్ల బూజు, బూజు ఉంటే తుప్పుకు కళ్లెం. చెట్టు కొట్టేస్తే గొలుసంతా పోతుంది. చెట్లు గాలిని ఆపి తుప్పు రజను దూరం పోకుండా కూడా చూస్తాయి.

నీడ ఉంటే చాలు తెగులు రాదని దీనర్థం కాదు. 2012-13లో మధ్య అమెరికాను తుప్పు చుట్టేసినప్పుడు నీడ తోటలు కూడా దెబ్బతిన్నాయి. కాఫీ ధర పడిపోయి రైతులు ఎరువూ కత్తిరింపూ మానుకోవడం, వాతావరణంలో మార్పు, పాత రకాలు, అన్నీ కలిశాయి. ఎంత నీడ, ఏ చెట్ల నీడ అన్నది అసలు ప్రశ్న. మన అరకులో గిరిజన రైతులు కాఫీ వేసేది ఎక్కువగా సిల్వర్ ఓక్ నీడలో, దాని మీదికి మిరియం తీగ పాకిస్తారు. సిల్వర్ ఓక్ ఆస్ట్రేలియా చెట్టు. మిరియానికి బాగా పనికొస్తుంది, నిజమే. అయినా ఒకే జాతి నీడను, పనస, మామిడి, అడవి చెట్లు కలిసిన నీడతో సమానంగా చూడకూడదని నా అభిప్రాయం.

అమెజాన్ మట్టి పేదదే అయితే అక్కడ పెద్ద జనాభా ఎప్పుడూ బతకలేదనే చాలాకాలం అనుకున్నారు. 1542లో ఒరెయానా అనే స్పెయిన్ అన్వేషకుడితో పాటు నది పొడవునా ప్రయాణించిన కార్వహాల్ అనే పూజారి, ఒడ్డున వరసగా ఊళ్లు చూశానని రాస్తే కట్టుకథ అన్నారు. అదే నది ఒడ్డున, ఎర్రమట్టి మధ్యలో, అక్కడక్కడా కాటుకలా నల్లటి మట్టి మచ్చలు ఉన్నాయి. 'టెర్రా ప్రేటా', నల్ల నేల. తవ్వితే బొగ్గు, చిల్లపెంకులు, చేప ముళ్లు, ఎముకలు. వందల ఏళ్లు మనుషులు వండుకుని, తిని, పారేసి, సగం కాలిన బొగ్గుతో కలిపి పోగేసిన మట్టి అది. బొగ్గు వందల ఏళ్లయినా కుళ్లదు. దాని చిల్లుల్లో పోషకాలు పట్టుకుంటాయి, వానకు కొట్టుకుపోవు. పాత ఊరి దిబ్బలు తవ్వి పాటిమన్ను బండ్లకెత్తి పొలానికి తోలిన మన పెద్దలకు ఈ సంగతి వింతగా ఉండదు. పొలంలో వేయడానికి ఇప్పుడు అమ్ముతున్న బొగ్గు, అంటే బయోచార్‌కు స్ఫూర్తి ఈ మట్టే. కాకపోతే ఉత్త బొగ్గు చల్లి నల్ల నేల వచ్చేస్తుందనుకోవడం పొరపాటు. బొగ్గు పట్టి ఉంచుతుందే గానీ, పట్టుకోవడానికి చెత్తా ఎముకా పేడా ఏదో ఒకటి వేయాలి కదా.

మట్టి పేదదైతే మందు వేసి బాగుచేయొచ్చు కదా అనే వాదన కూడా ఉంది, దాన్ని కొట్టిపారేయలేం. బ్రెజిల్ నడిబొడ్డున సెరాడో అనే సవన్నా భూములు (గడ్డి, అక్కడక్కడా చెట్లు ఉండే నేలలు) ఒకప్పుడు సేద్యానికి పనికిరావన్నారు. 1973లో ఏర్పడిన ఎంబ్రాపా పరిశోధన సంస్థ, మరికొందరు శాస్త్రవేత్తలు సున్నం వేసి ఆమ్ల గుణం తగ్గించి, భాస్వరం పోసి, ఉష్ణమండలానికి సరిపడే సోయా రకాలు తెచ్చి దాన్ని ప్రపంచ ధాన్యాగారంగా మార్చారు. అందులో జొహానా డోబెరైనర్ అనే శాస్త్రవేత్త పాత్ర మరిచిపోకూడదు. సోయాకు యూరియా కాదు, వేళ్ల బ్యాక్టీరియా చాలని పట్టుబట్టారామె. అలా ఆ దేశానికి నత్రజని ఎరువుల ఖర్చు విపరీతంగా తగ్గింది. మన ఎరువుల దుకాణాల్లో దొరికే అజోస్పిరిల్లం ప్యాకెట్టు వెనక ఉన్నది కూడా 1970ల్లో ఆమె బృందం బ్రెజిల్‌లో చేసిన పనే. గెలుపు నిజం. దానికి కట్టిన వెల కూడా నిజం. సెరాడోలో సహజ వృక్షసంపద సుమారు సగం పోయింది. సున్నం, భాస్వరం లారీల్లో తోలించుకోగలిగే వాళ్లకే ఆ దారి తెరుచుకుంది. లెంపీరా కొండవాలు మీద రెండెకరాల రైతుకు అది అందదు.

ఎరువు చిక్కుడు చివరికి ఏమైందో చెప్పాలి. 1990ల చివరికి ఉత్తర హోండురాస్‌లో చాలామంది దాన్ని వదిలేశారు. ఒక మొండి గడ్డి పొలాల్లోకి పాకడం ఒక కారణం. పెద్ద కారణం భూమి. పశువుల పెంపకందారులు కొండవాలు కొనుక్కుంటూ వచ్చారు. మిగిలిన పొలాల్లో కౌలుకు చేసేవాళ్లు పెరిగారు. తీగ ఫలితం వచ్చే ఏటికి గానీ దక్కదు. వచ్చే ఏడు ఆ పొలం తనదో కాదో తెలియనివాడు గింజలు ఎందుకు చల్లుతాడు?

దూలగొండి మన వైపు నుంచి అటు వెళ్లింది. అటు నుంచి మనకు గ్లిరిసిడియా వచ్చింది. మెక్సికో, మధ్య అమెరికా చెట్టు. కకావో (కోకో) మొక్కలకు నీడనిస్తుందని అక్కడ దాన్ని 'కకావో తల్లి' అంటారు. మన దగ్గర పచ్చిరొట్ట కోసం గట్ల మీద నాటమని వ్యవసాయ శాఖ చెబుతూనే ఉంటుంది. తొలకరికి బొటనవేలంత లావు కొమ్మ గుచ్చితే చాలు, చిగురిస్తుంది. రెండో ఏడు దాటాక ఏటా రెండు మూడు సార్లు కొమ్మలు కొట్టి పొలంలో వేయొచ్చు. నేను చూసినంతలో, మా వైపు గట్ల మీద అది బాగా పెరిగిన పొలాలన్నీ సొంతదారులు సాగు చేసుకునేవే. కౌలు పొలాల గట్లు ఖాళీగా ఉన్నాయి.